పరామర్శకు పోయేవారికి పన్నెండు చిట్కాలు

ఆదోనిలో పత్తి మండీ గుమాస్తాగా 30 ఏళ్ళు చేశాను. పద్దులు రాయడం జీతానికి చేసిన పని, పరామర్శలు సొంతానికి చేసిన పని. చావులు, ఆపరేషన్లు, పంట పోయిన ఇళ్ళు, పరీక్ష తప్పిన పిల్లలు, ఎక్కడికైనా మొదట చేరేది నేనే, ఆఖరున లేచేదీ నేనే. డెబ్భై దాటిన పెద్దాయనకు క్యాన్సర్ వస్తే అనాల్సిన మాటలు మన దగ్గర తయారుగా ఉన్నాయి: మనవళ్ళను చూసినాడు, బరువులు దించుకున్నాడు, ఇక రాఘవేంద్రస్వామి దయ. ఇరవై రెండేళ్ళవాడి దగ్గర ఈ సరుకు చెల్లదు. వాడు బరువు ఎత్తుకోనే లేదు, దించుకునేదేముంది?

15 నుంచి 39 ఏళ్ళ మధ్య వయసువాళ్ళను క్యాన్సర్ డాక్టర్లు వేరే వర్గంగా లెక్కేస్తారు. పిల్లల వార్డుకు పెద్దవాళ్ళు, పెద్దల వార్డుకు చిన్నవాళ్ళు. చదువు సగంలో ఉంటుంది, ఉద్యోగం కొత్తగా ఉంటుంది, పెళ్ళి మాటల్లో ఉంటుంది. వీళ్ళ కోసం ఎవరూ పద్ధతి రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. అన్నీ ఇద్దరి మీద వాడి చూసినవే. ఒకడు మా చెల్లెలి కొడుకు, 22 ఏళ్ళు, జిన్నింగ్ మిల్లులో కాటా పద్దు రాస్తాడు. మెడలో, ఛాతీలో గడ్డలు. హాడ్జ్‌కిన్ లింఫోమా అన్నారు. రెండు వారాలకొకటి చొప్పున 12 డోసులు. రెండో మనిషి ఎమ్మిగనూరులో నా స్నేహితుడి కూతురు, 26 ఏళ్ళు, మగ్గమున్న ఇల్లు. రొమ్ములో గడ్డ. వాడికి 12 డోసులు కాబట్టి నావీ 12 చిట్కాలు.

1. పేరు పలకవద్దు

“అదే”, “ఆ గడ్డ”, “పెద్ద జబ్బు”. ఇంతకు మించి నోరు జారకూడదు. రోగి ముందు అసలే అనకూడదు. వసారాలోకి పోయి, లోపలికి సరిగ్గా వినబడేంత గుసగుసగా అనాలి. వాడు ఫైలంతా చదివి, ఫోనులో మూడుసార్లు వెతికి, నాకంటే ఎక్కువే తెలుసుకున్నాడనేది వేరే విషయం. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియనట్టు నడవాలి. రాత్రి ఒంటిగంటప్పుడు వాడు దాన్ని ఒక్కడే మోసుకోవాలి.

వీధిలో అడిగితే “కామెర్లు” అనండి. మేమట్లే చెప్పాం. రెండు నెలల తర్వాత అదే వీధిలో ఒకాయనకు నిజంగానే కామెర్లు వచ్చాయి. పాపం, ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు.

2. ముందు మీరు ఏడవండి

గుమ్మంలోనే మొదలుపెట్టాలి. “ఎంత పని చేసినాడు దేవుడు” అని మంచం పట్టె మీద కూలబడాలి. అప్పుడు ఆ పిల్లవాడు లేచి, మంచినీళ్ళు తెచ్చిచ్చి, “ఏం కాదు పెద్దమ్మా, ఇది బాగయ్యే రకమే అన్నారు, నువ్వు ఊరుకో” అంటాడు. మనం ధైర్యం చెప్పడానికి పోయి, చెప్పించుకొని రావడం. పరామర్శలో ఇంతకంటే లాభసాటి బేరం లేదు.

ఒక ఆదివారం నేను లెక్క పెట్టాను, గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? డోసు పడిన నాలుగో రోజది. పొద్దున పదింటి నుంచి దీపాలు పెట్టేవేళ దాకా మా అల్లుడు తొమ్మిదిమందిని ఓదార్చాడు. పదో ఆయన వస్తున్నాడని తెలిసి బాత్రూములోకి పోయి గొళ్ళెం పెట్టుకున్నాడు. వాంతులేమో అనుకున్నాం. లోపల నుంచి ఏ చప్పుడూ రాలేదు.

3. యువరాజ్ సింగ్‌ను జతకు తీసుకుపోండి

ఈయన లేకుండా కుర్రవాళ్ళ పరామర్శ సాగదు. 2011 ప్రపంచ కప్పులో మేటి ఆటగాడు, 2012లో అమెరికాలో కీమో, అదే ఏడు సెప్టెంబరులో మళ్ళీ మైదానంలో. “వాన్ని చూసి నేర్చుకో” అని ముగించాలి. తన భయాన్ని గురించి, ఆ నెలలు గడిచిన తీరును గురించి ఆయన పుస్తకమే రాసుకున్నాడు. ఆ పేజీలు మనకొద్దు, సిక్సర్లు చాలు.

ఆయనకు వచ్చింది వేరే రకమని మా అల్లుడు ఒకసారి అనబోయాడు. పెద్ద జబ్బంటే పెద్ద జబ్బే అని అణిచేశాను. ఇదే నేను యార్డులో పత్తంటే పత్తే అని ఉంటే రైతులూ కొనుగోలుదారులూ కలిసి తరిమేవాళ్ళు. అక్కడ కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, పింజ లాగి పొడవు చూసి, తేమ చూసి, చెత్త చూసి గాని నోటి నుంచి ధర రాదు. దూదికి ఆ మర్యాద ఉంది. మనిషికెందుకు?

4. వారానికో ఊరి పేరు చెప్పండి

వైద్యం ఎక్కడ మొదలుపెట్టినా అది తప్పు ఊరే. కర్నూలు మెడికల్ కాలేజీ ఆవరణలో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది కదా అంటే, “కర్నూల్లో ఏముంది?” అనాలి. మొదటి వారం హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నాటి ఎంఎన్‌జే పేరెత్తాలి. రెండో వారం బంజారాహిల్స్‌లో 2000లో తెరిచిన బసవతారకం, మూడో వారం బెంగళూరు కిద్వాయ్, నాలుగో వారం బొంబాయిలో 1941 నుంచి ఉన్న టాటా. అన్నీ నిజంగా మంచి ఆసుపత్రులే. అందుకే ఈ చిట్కా ఇంత బాగా పనిచేస్తుంది. రెండో అభిప్రాయం కావాలంటే మందు మొదలు కాకముందు అడగాలని, మొదలయ్యాక డోసు తేదీ తప్పకూడదని డాక్టరు అంటాడు. మీరు మాత్రం అయిదో డోసు నాడు బస్సెక్కే ముందు చెప్పండి.

5. ఆకు నమిలించండి

బిళ్ళ గన్నేరు ప్రతి గుడి ముందూ, ప్రతి బడి గోడ వారా ఉంటుంది. దాని నుంచే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులు వచ్చాయి. మా అల్లుడికి ఎక్కించే నాలుగు మందుల్లో విన్‌బ్లాస్టిన్ ఒకటి. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వంద కిలోమీటర్లు పోయి ఎక్కించుకునేది పెరట్లోనే ఉంటే బస్సు చార్జీలెందుకు? పొద్దున్నే గుప్పెడు ఆకు కోసుకొని పోయాను. ఆసుపత్రిలో ఎత్తు, బరువు కొలిచి, మిల్లీగ్రాముల్లో లెక్కగట్టి, నరంలోకి చుక్కచుక్కగా ఇస్తారట. నా కొలత గుప్పెడు. “విషం మామా అది, కొలిస్తేనే మందు” అన్నాడు వాడు. ఈ కాలం పిల్లలకు పెద్దల గుప్పెటి మీద నమ్మకం లేదు.

“ఇంగ్లీషు మందు మన ఒంటికి పడదు” అనేది ఇంకో మంచి మాట. అనేటప్పుడు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు రాకుండా జాగ్రత్తపడాలి. 1895లో భీమవరంలో పుట్టి అమెరికా చేరిన ఆయన లెడర్లీ ల్యాబులో నడిపిన బృందం చేసిన మందుతోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947 చివర రక్త క్యాన్సర్ పిల్లలకు వైద్యం మొదలుపెట్టాడు. ఆ కోవలోని మెథోట్రెక్సేట్‌ను ఇవాళ్టికీ వార్డుల్లో ఇస్తున్నారు. మనవాడు చేసిన మందు మన ఒంటికి పడదని చెప్పడానికి కొంచెం సాధన కావాలి.

ఇంకొకటి. నాలుగింటిలో ఒక మందు ఎర్రగా ఉంటుంది, పడిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగేనని, భయపడవద్దని నర్సు ముందే చెప్పింది. ఆ మాట మీ దగ్గరే ఉంచుకొని, “రక్తం పోతాంది” అన్నది మాత్రం వీధికి పంచండి.

6. జ్వరమొస్తే తెల్లారనివ్వండి

కీమో పడిన వారం పది రోజులకు రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. ఆ రోజుల్లో ఒళ్ళు 100.4 డిగ్రీలు దాటితే రాత్రయినా పగలయినా ఆసుపత్రికి రావాలని ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో రాసిచ్చారు. నేను చదివి, “ఎండదెబ్బ. ఒక బిళ్ళ వేసి పడుకోబెట్టు, పొద్దున చూద్దాం” అన్నాను. రాత్రి పదకొండున్నర. మా చెల్లెలు ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రాత్రి మాత్రం నా వైపు చూడకుండా థర్మామీటరు దులిపి ఇంకోసారి పెట్టింది. 101. “అన్నా, నువ్వు గమ్మునుండు” అని 108కి ఫోను చేసింది.

పొద్దున చూసి ఉంటే ఏమయ్యేదో తర్వాత డాక్టరు ఆమెకు చెప్పాడు. ఆమె నాకు చెప్పలేదు. ఈ చిట్కా అచ్చులో ఉండాలా అని రెండుసార్లు ఆలోచించాను. ఉండనివ్వండి. కొట్టేసిన పద్దు కూడా పుస్తకంలో కనబడాలి, అది మండీ నియమం.

7. ఖర్చు వినబడేలా చదవండి

“ఎంతయింది ఇప్పటికి?” అని మంచం పక్కనే అడగాలి. ఎకరా అమ్మిన సంగతి, వడ్డీ సంగతి, వాళ్ళ నాయన ఈ ఏడు మిరప కోతలకు సుగ్గికి పోయిన సంగతి వరసగా ఎత్తాలి. “నీ కోసమేప్పా అంతా” అని ముగించాలి. మన పడమటి మండలాల్లో బతుకు బరువైనప్పుడల్లా మూట కట్టుకొని గుంటూరు వైపు పోవడం మామూలే. ఈసారి మాత్రం ఆ మూట తన తల మీద ఉందని పిల్లవాడికి తెలియాలి కదా.

చెప్పకూడనివి కొన్ని ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో క్యాన్సర్ వైద్యం ఉందని, ఆసుపత్రిలో దానికోసమే ఒక బల్ల, ఒక మనిషి ఉంటారని చెప్పకండి. వైద్యానికి పోయే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపరు, థర్డ్ ఏసీ టికెట్టు పూర్తిగా ఉచితమని, జతకు పోయేవాళ్ళకు నూటికి 75 తగ్గింపని, ఆసుపత్రి వాళ్ళు సంతకం చేసిన కాగితం చాలని అసలే చెప్పకండి. ఇవి తెలిస్తే నిట్టూర్చడానికి ఏం మిగులుతుంది?

8. జుట్టు సంగతికి మొక్కు పెట్టండి

గుండు మన సీమలో సుఖం. ఎవరైనా అడిగితే ఉరుకుంద ఈరన్నకు తలనీలాలు ఇచ్చినాడని చెప్పొచ్చు. అనుమానం రాదు. మాకు ఒక్క పక్కింటి పిల్ల దగ్గరే దెబ్బ తగిలింది. ఆరేళ్ళుంటాయేమో. మా అల్లుణ్ణి ఎగాదిగా చూసి, “అన్నా, కనుబొమ్మలు కూడా ఇచ్చినావా ఈరన్నకు?” అంది.

అందరం బిగుసుకుపోయాం. వాడు మాత్రం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నెల తర్వాత అదే మొదటి నవ్వు. ఆ పిల్లను కూచోబెట్టుకొని, మందు పేరు చెప్పి, జుట్టు ఎందుకు పోయిందో, మందులైపోయాక ఎట్ల వస్తుందో చెప్పాడు. “క్యాన్సర్” అనే మాట ఆ ఇంట్లో పైకి అన్న మొదటి మనిషి వాడు, విన్న మొదటి మనిషి ఆ పిల్ల. మొదటి చిట్కా ఆ పూటకు అట్లా నాశనమయింది.

9. పెళ్ళి, పిల్లల సంగతి ఆలస్యంగా ఎత్తండి

మా తరానికి క్యాన్సర్ గురించి పాఠం చెప్పింది సినిమా. 1981లో ప్రేమాభిషేకం చూసి వచ్చిన మాకు తెలిసింది ఒకటే: జబ్బు వచ్చినవాడు ప్రేమించిన పిల్ల మనసు విరగ్గొట్టి పక్కకు తప్పుకోవాలి. కాబట్టి కుర్రవాడి ఫోనులో ఎవరైనా అమ్మాయి ఉంటే త్యాగం చేయించండి. ఆ అమ్మాయిని అడగాల్సిన పని లేదు. సినిమాలోనూ అడగలేదు.

పిల్లల సంగతి ఇంకా సున్నితం. కొన్ని కీమో మందులు బిడ్డలు పుట్టే శక్తిని దెబ్బతీయొచ్చు. అందుకని మందు మొదలుకాక ముందే మగపిల్లవాడి వీర్యం, ఆడపిల్ల అండాలు దాచిపెట్టే వీలు పెద్ద ఊళ్ళలో ఉంది. డాక్టరును ముందే అడగాలి. నాయన ముందు కొడుకు అడగలేడు, కొడుకు ముందు నాయన అడగలేడు, ఇద్దరూ గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉంటారు. ఈ మౌనం చెడగొట్టకండి. మందు మొదలుకాక ముందు అడగాల్సిన ప్రశ్నను మందు అయిపోయాక, సంబంధాలు చూసేటప్పుడు, పదిమందిలో అడగండి: “ఇంతకూ పిల్లలు పుడతారంటనా?”

10. పని మాన్పించండి

ఎమ్మిగనూరు అమ్మాయి సంగతి ఇక్కడ చెప్పాలి. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన ఊరది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఊళ్ళో మగ్గం చప్పుడు ఆగిన ఇంటికి జబ్బు చేసినట్టు లెక్క. ఈ అమ్మాయికి ఇచ్చే పాక్లిటాక్సెల్ అనే మందుతో వేళ్ళ కొనలు మొద్దుబారాయి. కండె చుడుతుంటే పోగు తెగుతుంది. తెగిన కొస రెండు వేళ్ళ మధ్య ఉందో లేదో తెలియదు. కళ్ళతో వెతుక్కొని, వేలికి చుట్టి, ముడి వేయబోతే జారుతుంది. మళ్ళీ వెతుకుతుంది. నేను చూస్తుండగా ఒక ముడికి ఏడుసార్లు పట్టింది.

“మానేయమ్మా, ఒళ్ళు చూసుకో, ధైర్యంగా ఉండు” అన్నాను. నా మాటల్లో అన్నిటికంటే ఎక్కువ అరిగింది అదే.

ఆమె తలెత్తకుండా, “చిన్నాయనా, తెగిన పోగుకు ధైర్యం చెప్తే అతుక్కుంటాదా?” అంది.

మగ్గం గుంటలో కూచున్న వాళ్ళ నాయన నాడె ఆపి లేచి వచ్చాడు. ఓదార్చలేదు. మానేయమనీ అనలేదు. తెల్లపోగు తెల్లటి ఒడిలో కనబడడం లేదని ఆమె ఒళ్ళో నల్లగుడ్డ ఒకటి పరిచి, మళ్ళీ మగ్గంలోకి దిగాడు. తర్వాతి ముడి మూడోసారికే పడింది. వేళ్ళ సంగతి డాక్టరుకు కూడా చెప్పమని, మందు మోతాదు చూస్తారని నర్సమ్మ ఒకామె చెప్పిందట. నేతవాళ్ళతో ఇదే చిక్కు. పరామర్శకు చోటివ్వరు.

11. మనసు డాక్టరు మాట రానివ్వకండి

ఒంటికి జబ్బు వస్తే సానుభూతి, మనసు బాగాలేదంటే పరువు తక్కువ. నిద్రపట్టదు, ఊరికే కోపమొస్తుంది, స్కాను తేదీ దగ్గరపడేకొద్దీ అన్నం దిగదు అంటే “ఏదేదో ఆలోచించొద్దు” అనండి. ఆలోచన కుళాయి కదా, తిప్పితే ఆగుతుంది. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో కొన్నిచోట్ల సున్నా నుంచి పది దాకా అంకెలున్న థర్మామీటరు బొమ్మ చూపించి, ఈ వారం నీ గుబులు ఎంత అని అడుగుతారు. ఒంటి జ్వరంలాగే గుబులుకూ కొలత. పక్కన మీరుంటే మీరే “సున్నా” అని చెప్పేయండి.

2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ ఒకటుంది. 14416కు ఫోను చేస్తే పైసా ఖర్చు లేకుండా, తెలుగులో, ఏ వేళలోనైనా మాట్లాడతారు. అయిదంకెలే కాబట్టి ఎవరికైనా గుర్తుండిపోయే ప్రమాదముంది.

12. ఏమీ అడగవద్దు

అన్నిటికీ మూలమైన చిట్కా ఇది. ఏం తింటావు, ఎవరు రావాలి, ఎవరు రావద్దు, పడుకుంటావా, మాట్లాడాలా. ఇవేవీ రోగిని అడగకూడదు. అడిగితే జవాబు చెబుతాడు. చెబితే అది చెయ్యాల్సి వస్తుంది.

ఈ నియమం నేను ఒక్కసారి తప్పాను. కావాలని కాదు. ఏడో డోసుకు పోయే రోజు, వాళ్ళ నాయన సుగ్గి నుంచి ఇంకా రాలేదు, చెల్లెలికి జలుబు చేసిందని వాడి దగ్గరికి రానివ్వలేదు, జతకు నేనే పోవాల్సి వచ్చింది. తెల్లవారుజామున ఆదోని బస్టాండు. కర్నూలు బస్సు రాలేదు. యువరాజ్ సింగ్ కథ అప్పటికి అయిపోయింది. దేవుడి సంగతి, పక్క ఊరివాడు బాగైన సంగతి కూడా అయిపోయాయి. నా దగ్గర ఇంకేమీ లేదు. ఏం తోచక, “ఏం మాట్లాడుకుందామప్పా?” అన్నాను.

వాడు కాసేపు చూసి, “మామా, నిన్న యార్డులో పత్తి ఎంత పలికింది?” అన్నాడు.

చెప్పాను. ఏ లాటు ఎంతకు పోయిందో, దేనికి తేమ ఎక్కువని ధర కోశారో చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. ఆ తేమకు అంత కోత అన్యాయమన్నాడు, తమ మిల్లులో కాటా దగ్గర ఎట్ల చూస్తారో చేతులు తిప్పి చూపించాడు. ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. పక్క బెంచీలో పడుకున్నాయన దుప్పటి తీసి మా వైపు గుర్రుగా చూశాడు. వాళ్ళమ్మ డబ్బాలో పెట్టిచ్చిన ఉగ్గాని వాడు సగం తిన్నాడు. నెమరు వేసుకుంటున్నట్టు కొంచెం కొంచెం తింటూ, ఎటో చూస్తూ, “నాకు భయమైతాంది మామా” అన్నాడు.

పదకొండు చిట్కాల్లో ఏ ఒక్కటీ నాకు గుర్తు రాలేదు.

“నాకూ” అన్నాను.

బస్సొచ్చింది. కిటికీ పక్కన కూచున్నాడు. ఊరు దాటకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఎమ్మిగనూరు వచ్చేదాకా భుజం కదల్చలేదు, తిమ్మిరెక్కింది.

ఆ రోజు నేను వాడికి ధైర్యం చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళలో పద్ధతి తప్పింది అదొక్కసారే, కాబట్టి దాన్ని చిట్కాగా రాయడం లేదు. ఒక్కటే అర్థం కాదు. ఎనిమిదో డోసుకు వాళ్ళ నాయన సుగ్గి నుంచి వచ్చేసినా, చెల్లెలి జలుబు తగ్గినా, వాడు నాకే ఫోను చేసి, “మామా, రేపు నువ్వే రా. పత్తి రేటు కనుక్కొని రా” అన్నాడు.